ఛైర్మన్ గారి పేరుతో ఒక రిబ్బన్

పొద్దున్నే, కొరియా సముద్రతీరంలోని జంగ్పో ఊరు ఇంకా కళ్ళు నులుముకుంటుండగానే, ప్యో గ్యుతే ఆసుపత్రి వెనక వాకిట్లోకి నడిచేవాడు. తన పూలకొట్టు తలుపు తీయడం ఆ తర్వాతి పని. అంత్యక్రియలు ముగిసిన గదుల్లోంచి బయటికి తెచ్చిన పూలచక్రాలు ఆసుపత్రిలోనే ఉన్న సంతాప మందిరం దొడ్డి గుమ్మం దగ్గర గోడకు ఆనించి ఉండేవి. మనిషి కంటే ఎత్తుగా మూడంతస్తుల తెల్ల చామంతులు, వాటికి రెండువైపులా వేలాడే రిబ్బన్లు. ముందురోజే ఆ ఇంటివాళ్ళను అడిగి ఉంచుకునేవాడు గనుక, వడలని పూలను ఒక్కొక్కటే విప్పి, దారంతో చిన్న చిన్న కట్టలుగా కట్టి, వరండా వెంట గదులన్నీ చూసుకుంటూ వెళ్ళేవాడు. ఏ గదిలో పూలు తక్కువగా కనిపిస్తే ఆ గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళి, రాత్రంతా జాగారం చేసి నేలమీద ముడుచుకుని పడుకున్న పిల్లాపెద్దలను దాటుకుని, పోయినవారి పటం పక్కన ఒక కట్ట ఉంచి, పెదవుల్లోనే ఒక ప్రార్థన చెప్పుకుని వచ్చేవాడు.

"మనం అమ్ముకోవలసిన పూలు ఊరికే పంచిపెడితే కొట్టు నడిచినట్టే," అనేది భార్య బోక్సిమ్.

"అవి మనవి కావే. పోయినవాళ్ళవి."

"పోయినవాళ్ళొచ్చి మీకు వాటా రాసిచ్చారా?"

ఆ మాట అంటూనే దారం సమానంగా తుంచి అతని కోటు జేబులో పెట్టేది. బయట చలి ఎక్కువగా ఉన్న రోజున మఫ్లరు కూడా తనే చుట్టేది. పెళ్ళైన నాటినుంచి ఆమె నోటికీ చేతికీ ఇలాగే పొత్తు కుదరలేదు.

జంగ్పోలో పుట్టినవాళ్ళంతా తేర్యోంగ్ కంపెనీ ఆసుపత్రిలోనే పుడతారు. తేర్యోంగ్ కట్టిన బడిలో చదువుతారు, తేర్యోంగ్ కట్టిన ఇళ్ళలో ఉంటారు, తేర్యోంగ్ దుకాణంలో సరుకులు కొంటారు, తేర్యోంగ్ బీమాకు నెలనెలా కడతారు, చివరికి ఆ ఆసుపత్రి సంతాప మందిరంలోంచే వెళ్ళిపోతారు. వీటన్నిటికీ తల్లివేరు సముద్రం ఒడ్డున ఉన్న షిప్‌యార్డు. దానికి ఆర్డర్లు వస్తే ఊళ్ళో పెళ్ళిళ్ళు జరుగుతాయి. రాకపోతే అద్దె ఇళ్ళ కిటికీలకు 'ఖాళీ' అన్న కాగితాలు అంటుకుంటాయి. అందుకని ఊళ్ళో ముసలివాళ్ళు ఆ యజమానుల ఇంటి సంగతులు తమ మేనమామ ఇంటి సంగతుల్లా మాట్లాడుకునేవారు. కంపెనీ పెట్టిన పెద్దాయనకు ఫలానా పులుసంటే ఇష్టమట, మనవడు చిన్నాయనకు చన్నీళ్ళు పడవట అని.

ఇప్పుడు ఓడలు కట్టే మూడో డాక్ ఉన్నచోట ఒకప్పుడు గ్యుతే తండ్రి సముద్రపు నాచు ఆరబెట్టేవాడు. డాక్ కోసం కంపెనీ ఆ ఒడ్డు తీసేసుకున్న ఏడు తండ్రి చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మరుసటి ఏడే షిప్‌యార్డు గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరికి, జీవితంలో మొదటిసారి నెల జీతం చేతిలో పడితే, అదే తండ్రి ఇంటిల్లిపాదికీ మాంసం కొని తెచ్చాడు. గ్యుతే మనసులో ఆ రెండు ముఖాలూ పక్కపక్కనే ఉండిపోయాయి. తేర్యోంగ్ వాళ్ళు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అని ఎవరైనా పందెం వేసినట్టు అడిగితే అతను కత్తెర తీసుకుని ఆకులు కత్తిరించడం మొదలుపెట్టేవాడు. పెద్దాయన ఉన్న రోజుల్లో గేటు కాపలావాళ్ళ పిల్లల పేర్లు కూడా ఆయనకు తెలిసేవి. ఆయన కాలంలోనే సంఘం పెట్టినవాళ్ళు ఊరు విడిచి పోవలసి వచ్చిందన్న సంగతీ నిజమే. రెండువైపుల వాళ్ళు పోయినప్పుడూ పూలు కట్టినవాడు గ్యుతే.

పెద్దాయన పోయాక కొడుకులు ఆస్తి పంచుకున్నారు. ఓడలూ ఉక్కూ ఇప్పుడు ఛైర్మన్ అయిన పెద్ద కొడుకు వైపు, దుకాణాలూ బీమా రెండో కొడుకు వైపు వెళ్ళాయి. పంపకం కోర్టుదాకా నడిచింది. అప్పటినుంచి సంతాప మందిరంలో ఆ రెండిళ్ళ పూలచక్రాలు పక్కపక్కన పెట్టకూడదన్నది రాయని నియమం. ఒకసారి కొత్తగా చేరిన కుర్రవాడు తెలియక జోడుగా నిలబెడితే, రెండువైపుల కార్యదర్శులూ పరుగెత్తుకొచ్చి చెరొక చక్రం పట్టుకుని లాగారు. చామంతులు నేలరాలాయి. బోక్సిమ్ చీపురు తెచ్చి, "పువ్వులకైనా పంపకం జరిపి పోవలసింది పెద్దాయన," అంది.

పూలచక్రానికి ప్రాణం దాని రిబ్బన్. ఎవరు పంపారో చెప్పే పేరు దానిమీదే ఉంటుంది. వచ్చినవాళ్ళు పటానికి మొక్కి, కొడుకులను వంగి పలకరించి, అక్కడ వడ్డించే ఎర్రటి పులుసు తింటూ ఆ పేర్లే చదువుతారు. ఏ పేరు ముందుంది, ఏ పేరు వెనకుంది, ఎవరిది రాలేదు అని. పోయిన మనిషి విలువ ఎంతో ఊరు తూచేది అక్కడే. షిప్‌యార్డులో పర్మినెంటు ఉద్యోగి ఇంట్లో ఎవరు పోయినా ఛైర్మన్ గారి పేరుతో పూలచక్రం వచ్చేది. దాంతోపాటు కంపెనీ గుర్తు అచ్చువేసిన కాగితపు గిన్నెలూ గ్లాసులూ చెంచాలూ పెట్టెల నిండా వచ్చేవి. కాంట్రాక్టు మనిషి పోతే ఇవేవీ రావు.

ఆ శరదృతువులో ఒక ఉదయం గ్యుతే వరండా చివరి గదిలోకి వెళ్ళినప్పుడు పటం పక్కన ఒకే ఒక చిన్న పూలచక్రం కనిపించింది. దానిమీద ఊళ్ళో ఎవరూ విని ఉండని కంపెనీ పేరు. పటంలో మనిషిని అతను ఎరుగును. తక్ మన్సిక్, మూడో డాక్ వెల్డరు. ఏటా తండ్రి వర్ధంతికి పూలు కొనడానికి కొట్టుకు వచ్చేవాడు. కనుబొమ్మల మీద నిప్పురవ్వల మచ్చలుండేవి. ముందురోజు నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

పూలకట్ట పెట్టి మళ్ళుతుంటే మూలనుంచి ఆడమనిషి గొంతు వినిపించింది. "బాబాయ్, ఆగండి."

మన్సిక్ కూతురు సేరోమ్. పసిపిల్లల బడిలో పనిచేస్తుంది. తల్లి ఎప్పుడో పోయింది. నల్లబట్టల్లో ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుంది. రాత్రంతా నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి.

"పూలు పెట్టేది మీరేనా? కొట్లో రిబ్బన్లు వేసేది కూడా మీరే కదా?"

"నేనే తల్లీ."

"నాకొక పూలచక్రం కావాలి. దానిమీద తేర్యోంగ్ ఛైర్మన్ పేరుండాలి."

గ్యుతే ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఆఫీసుకి ఫోన్ చేశాను బాబాయ్. ఆ అమ్మాయి చాలా మర్యాదగానే మాట్లాడింది. మీ నాన్నగారు మా ఉద్యోగి కారండి, ఆయన కంపెనీని అడగండి అంది. నాన్న కంపెనీ ఏదని అడగను? మూడేళ్ళకోసారి కాంట్రాక్టు కంపెనీ బోర్డు మారుతుంది. ఇప్పుడున్న ఓనరు వచ్చి ఏడ్చి, పాపం, ఆ చిన్న చక్రం పెట్టి వెళ్ళాడు. కంపెనీలు మారాయి గాని నాన్న చేసిన డాకు ఒకటే, పట్టుకున్న మంట ఒకటే."

"ఇప్పుడెందుకమ్మా ఆ పేరు? వచ్చినవాళ్ళకి తెలియనిదా?"

"ఇక్కడివాళ్ళ కోసం కాదు. మా నాయనమ్మ వస్తోంది, మోకాళ్ళు బాగోకపోయినా, నోక్దో ద్వీపం నుంచి. ఊళ్ళోవాళ్ళు పడవెడు మంది కలిసి వస్తున్నారు." సేరోమ్ ముక్కు తుడుచుకుంది. "నాన్న పనిలో చేరిన రోజు ఇంటికి వెళ్ళి, తేర్యోంగ్‌లో చేరానమ్మా అన్నాడట. అప్పట్లో అంతే అనుకున్నారు అందరూ. తర్వాత తేడా తెలిసినా నాయనమ్మకి చెప్పలేదు. ఆవిడ ఆ ద్వీపమంతా మా వాడు తేర్యోంగ్ మనిషి అని చెప్పుకుని బతికింది. ప్రతి చుసోక్ పండక్కీ నాన్న తేర్యోంగ్ వాళ్ళు ఉద్యోగులకిచ్చే నూనె సీసాల పెట్టె పట్టుకెళ్ళేవాడు. ఎక్కడ తెచ్చేవాడో నాకు తెలియదు. ఇప్పుడు ఆవిడ వాళ్ళందరి ముందూ ఈ గదిలోకొచ్చి, ఏదమ్మా కంపెనీ వాళ్ళ పూలు అంటే నేనేం చెప్పను?"

ఎదురు గదిలో తేర్యోంగ్ గుమస్తా ఒకరి అత్తగారి పటం ఉంది. ఆవిడ ఎక్కడో కొండ ఊళ్ళో పుట్టి, అక్కడే పోయిందట. ఓడను ఎప్పుడైనా చూసిందో లేదో. ఆ పటం పక్కన ఛైర్మన్ గారి పూలచక్రం గుమ్మమంత వెడల్పుగా నిలబడి ఉంది.

"సాయంత్రంలోగా చెప్తానమ్మా," అన్నాడు గ్యుతే లేచి.

"సాయంత్రమా? పడవ మూడింటికే వస్తుంది బాబాయ్."

కొట్టుకు వచ్చి సంగతి చెబితే బోక్సిమ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"వేసేయండి. మీకు తెలిసిన పనేగా."

అది నిజంగా ఒక్క క్షణం పనే. ఒకప్పుడు గ్యుతే కుంచెతో రాసేవాడు, ఇప్పుడు రిబ్బన్ మిషను వచ్చింది. రోజూ అడిగే పేరు గనుక ఛైర్మన్ గారి పేరు అందులో ముందే దాచి ఉంటుంది. మీట నొక్కితే నల్లటి అక్షరాలతో బారెడు రిబ్బన్ జరజరా బయటికి వస్తుంది. గ్యుతే మిషను ముందు కూర్చున్నాడు. వేలు మీట దాకా వెళ్ళి ఆగింది.

"ఏవండీ, చెయ్యి పట్టేసిందా?"

"ఆయన పంపలేదే."

"ఆయన ఏది పంపాడు ఇన్నాళ్ళూ? ఆ పేర్లన్నీ కార్యదర్శి ఆఫీసు వాళ్ళు పంపేవే. ఎదురు గదిలో ముసలమ్మ ఎవరో ఆయనకి తెలుసా? ఆ చక్రం నిజమూ, ఇది అబద్ధమూనా?"

భార్య చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. అయినా ఇన్నేళ్ళలో పంపనివాళ్ళ పేరు అతను ఒక్కసారి కూడా వేయలేదు. ఒకసారి ఒక వ్యాపారి తన తండ్రి అంత్యక్రియలకు మంత్రిగారి పేరు వేయమని ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఊళ్ళో జనం ఆ రిబ్బన్లు నమ్మి చదువుతారు. ఒక్కటి తప్పని తెలిస్తే మిగిలినవన్నీ గుడ్డపీలికలే అవుతాయి. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు దేవుడు తన వేళ్ళకేసి చూస్తాడేమోనని.

"ఆ ముసలావిడ గుండె బద్దలైతే దేవుడు ఊరుకుంటాడా?" అంది బోక్సిమ్, అతని మనసు చదివినట్టు.

"ఊరుకోడు. అందుకే తోచడం లేదు." మీట దగ్గరనుంచి వేలు తీసేసి మళ్ళీ తనే అన్నాడు. "ఇంకోటి కూడా ఆలోచించు. ఆ ద్వీపం వాళ్ళలో ఒక్కడైనా వెళ్ళి ఆఫీసు వాళ్ళకి థాంక్స్ చెబుతాడు. ఊరివాళ్ళకి మర్యాదలెక్కువ. అప్పుడు ఆ అబద్ధం మన్సిక్ మీద పడుతుంది. పోయినవాడు లేచి వచ్చి సర్దిచెప్పుకోలేడు."

బోక్సిమ్ తొట్టెలోని చామంతుల కాడలు కత్తిరించింది. తర్వాత అంది, "మన్సిక్‌కి ఆ నూనె పెట్టెలు ఎక్కడివో నాకు తెలుసు. వాళ్ళ డాకులోని గుక్ మేస్త్రీ ఇచ్చేవాడు. వాళ్ళావిడ మార్కెట్లో నాతో తగువు పెట్టుకున్నంత పని చేసింది ఓసారి. మా ఆయన పండగ పెట్టె ప్రతి ఏడూ ఆ మన్సిక్‌కి దానం చేస్తాడు, నేను నూనె కొనుక్కోవాలి అని."

గ్యుతే గబుక్కున లేచి కోటు తొడుక్కున్నాడు.

భోజనాల వేళకు షిప్‌యార్డు పడమటి గేటు దగ్గర సైకిళ్ళూ మనుషులూ కిక్కిరిసి ఉన్నారు. గుక్ మేస్త్రీ మూడో డాక్‌లో వెల్డర్లపై పెద్ద. పర్మినెంటు మనిషి, కంపెనీ గుర్తున్న బూడిదరంగు యూనిఫారం. గేటు ఎదురు అరుగు మీద తన ముఠాతో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"పూలకొట్టాయన ఇటొచ్చాడేంట్రా? మనలో ఎవడో పోబోతున్నాడు, చూసుకోండి," అన్నాడు ముఠాలో ఒకడు.

"నోర్ముయ్," అన్నాడు గుక్. గ్యుతే ముఖం చూసి గ్లాసు కింద పెట్టాడు. "మన్సిక్ సంగతా అన్నా?"

"నువ్వు వెళ్ళలేదేం మేస్త్రీ?"

గుక్ తల దించుకున్నాడు. "పోవాలనే ఉంది. పోయిన ఏడాది సమ్మె గుర్తుందిగా. కాంట్రాక్టు వాళ్ళు డాక్‌లోపల కూర్చుంటే, మమ్మల్ని ఆఫీసు వాళ్ళు బయట నిలబెట్టారు. నేను మైకులో అరిచాను, ఆర్డరు పోతే అందరం పోతాం, బయటికి రండ్రా అని. లోపల మన్సిక్ కూడా ఉన్నాడు. అప్పట్నుంచి వాడు నాతో మాట్లాడలేదు. ఈ చుసోక్‌కి పెట్టె ఇస్తే తీసుకోలేదు. ఇప్పుడు ఏ ముఖంతో వెళ్ళి వాడి పటానికి మొక్కను?"

"తీసుకోలేదా? మరి ఈసారి వాళ్ళమ్మకి ఏం పట్టుకెళ్ళాడో."

"తేర్యోంగ్ దుకాణంలో కొనుక్కున్నాడని విన్నాను."

గేటు లోపల ఎక్కడో క్రేను గంట కొట్టుకుంటూ కదిలింది. గ్యుతే అప్పుడు నెమ్మదిగా సంగతంతా చెప్పాడు, సేరోమ్ అడిగింది, పడవ వేళ, ముసలావిడ మాట. చెప్పి, "ఛైర్మన్ పేరు నేను వెయ్యలేను. కలిసి పనిచేసిన మీరు పంపితే మీ పేర్లు వేస్తాను," అన్నాడు.

"మూడో డాక్ అని రాస్తావా? అన్నా, నాకింకా రెండేళ్ళే సర్వీసు. కంపెనీ పేరు ఎవరి అనుమతితో వాడావని ఆఫీసులో నిలేస్తారు."

"డాకు పేరు వద్దు. కంపెనీ పేరూ వద్దు. మీ అమ్మా నాన్నా పెట్టిన పేర్లకి ఎవరి అనుమతి కావాలి?"

గుక్ ముఠా వైపు తిరిగాడు. "విన్నారుగా. బలవంతం లేదు. సమ్మె కోపం ఇంకా ఉన్నవాడు ఉండిపోవచ్చు."

మొదట నోరు విప్పింది ఇందాక వేళాకోళం ఆడినవాడే. "నా పేరు వెయ్యి. కొత్తగా చేరినప్పుడు ఓడ అడుగున గ్యాసుకి కళ్ళు తిరిగి పడితే, నన్ను భుజాన వేసుకుని పైకి తెచ్చాడు వాడు."

"నా పేరు వాడికంటే ముందు రాయి. వయసులో పెద్దోణ్ణి."

"వయసులో పెద్దోడివే, మన్సిక్ వేసిన అతుకులా ఒక్కటైనా వేశావా?"

"ఎవడేశాడ్రా? మన్సిక్ అతుకు మీద చెయ్యి పెడితే పసిపిల్ల చెంప నిమిరినట్టుండేది."

"ఛైర్మన్ పేరు లేకపోతే చక్రం చిన్నబోదూ?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"ఛైర్మన్ గారు మన్సిక్‌తో ఎప్పుడైనా సోజు తాగాడా?" అన్నాడు గుక్. "నా పేరు చివర్న వెయ్యి అన్నా. వాడు కోపంగా ఉన్నాడు. చివరైతే ఓర్చుకుంటాడు."

అందరూ నవ్వబోయి ఆగిపోయారు. గ్యుతే పేర్లు ఒక్కొక్కటే పైకి చెప్పుకుంటూ గుర్తుంచుకున్నాడు. ఒకే రిబ్బన్ మీద ఇన్ని పేర్లు అతను ఎన్నడూ వేసి ఎరుగడు. మిషనులో పట్టవేమో, మళ్ళీ కుంచె తీయవలసి వస్తుందేమో అనుకున్నాడు. వెళ్ళడానికి రెండడుగులు వేసి ఆగాడు. పూలు గదిలో ఉంటాయి, నిజమే. కాని ఆ గదికి రాకముందే, పడవ దిగిన చోటే, ఆ ముసలావిడ కళ్ళు తన కొడుకు తాలూకు మనిషి కోసం వెతుకుతాయి. అతను వెనక్కి వచ్చి గుక్ మోచెయ్యి పట్టుకున్నాడు.

"మేస్త్రీ, నిన్నింకొకటి అడుగుతున్నాను. కాదనకు. నోక్దో పడవ మూడింటికి వస్తుంది. ఎలాగోలా పూట సెలవు పెట్టి ఆ వేళకి రేవులో ఉండు. ఈ బట్టలతోనే రా. ఆవిడ నిన్ను చూసి తేర్యోంగ్ వాళ్ళా బాబూ అని అడుగుతుంది. అవునను, అది నిజమే కదా. మీ అబ్బాయీ నేనూ ఒకే ఓడ మీద పక్కపక్కన పనిచేశాం అను, అదీ నిజమే. పూలేవని అడిగితే మీ పేర్లున్న చక్రం చూపించు. మన్సిక్‌తో చెప్పుకోవలసింది ఏమన్నా ఉంటే ఆవిడతో చెప్పుకో. ఆవిడకి మోకాళ్ళు బాగోవట, పడవ మెట్లు జారుడుగా ఉంటాయి. ముందు నువ్వే చెయ్యందించు. నాకోసం ఈ ఒక్క సాయం చేసిపెట్టు తమ్ముడూ."